బేరమాడని వారం

డాక్టరు మూడు పూటలా మాత్ర వేసుకోమంటే, రెండు పూటలకు ఒప్పించుకుని వచ్చిన మనిషిని నేను. గాజుల కొట్లో పుట్టి పెరిగినదాన్ని, ఇంకెలా ఉంటాను? మా ఇంట్లో రెండో దోసె కావాలన్నా మొదటిది ఎందుకు సరిపోలేదో చెప్పుకోవాల్సిందే. ఎన్నికలంటే నాకు చిన్నప్పటినుంచీ అంత కుతూహలం అందుకేనేమో. ఊరంతా ఒకేసారి బేరానికి దిగడం ఇంకెప్పుడు చూస్తాం?

మాది గూడూరుకు తూర్పున, సముద్రం వైపు చిన్న ఊరు. పెళ్లయినా నా అత్తగారిల్లు అదే బజారులో ఎదురు వరస కావడంతో, వంట కాగానే నేను నాయన కొట్లో ఉండేదాన్ని. వారానికోసారి సంత మా కొట్టు ముందే జరిగేది. ఆ ఒక్కరోజు అమ్మకమే మాకు తక్కిన వారమంతా అన్నం పెట్టేది.

నాయనకు రాజకీయం ఉండేది కాదు. ఉన్నా కొట్లోకి రానిచ్చేవాడు కాదు. ఎవరు వచ్చి తమ జెండా కట్టుకుంటామన్నా పందిరి గుంజ చూపించేవాడు. పక్కకొట్టు దర్జీ మామ మిషను మీద పేపరు పరిచి, దేశదేశాల సంగతులు గట్టిగా చదివేవాడు. "ఈసారి ఎవరు గెలుస్తారంటావన్నా?" అని ఆయన అడిగితే, "నీ పేపరు ఎవరంటే వాళ్లే" అనేవాడు నాయన. మర్నాడు పేపరు మాట మార్చేది. నాయనా మార్చేవాడు.

అరవైల మొదట్లో, పంచాయతీ ఎన్నికల ముందు, బియ్యం మిల్లు యజమాని ఒక మాట వదిలాడు. సంతను బస్సులు ఆగే కొత్త రోడ్డు పక్కకు, తన ఖాళీ స్థలంలోకి మార్చాలని. తక్కిన వార్డుల్లో గెలిచేలా ఉన్నవాళ్లలో సగంమంది ఆ మాటకు సరే అన్నారు, సగంమంది వద్దన్నారు. ఇక మా వార్డు మెంబరు ఎటు చెయ్యెత్తితే సంత అటే. మిల్లు యజమాని మా వార్డులోనే నిలబడ్డాడు.

"నువ్వు నిలబడు అన్నా. నీకు తెలియని చెయ్యి ఈ వార్డులో లేదు" అన్నాడు దర్జీ మామ.

ఆ మాట నిజమే. వార్డులోని ఆడవాళ్లందరి చేతులూ నాయనకు తెలుసు. ఎవరి ఎముక పెద్దదో, ఎవరికి సబ్బు రాస్తేగాని గాజు ఎక్కదో ఆయనకు కొట్టిన పిండి. సంత పోతే ఏమవుతుందో కూడా ఆయనకు తెలుసు. ఇన్నేళ్లు ఏ జెండాకూ కాదనని మనిషి, గొడుగు గుర్తు తెచ్చుకుని తన పందిరికి తానే కట్టుకున్నాడు. అమ్మ మాత్రం, "ఆ గొడుగు వానకు పనికొస్తుందా?" అని లోపలికి వెళ్లిపోయింది.

నాకు తోచక కాదు, ఆగలేక, జనం మనసులో ఏముందో కనిపెట్టే పనికి దిగాను. గాజులు తొడిగేటప్పుడు చెయ్యి నా చేతిలో ఉంటుంది. చెయ్యి ఇచ్చిన మనిషి లేచి పోలేదు గదా! అయినా ఎవరూ బయటపడలేదు. అందరూ "గొడుగుకే"నన్నారు. అందరూ ఒకే మాటంటే నాకు అనుమానం. ఒకే ధర చెప్పే బజారును నేను ఏనాడూ నమ్మలేదు.

అప్పుడు జరిగింది ఒక విచిత్రం. మా వార్డు చివర చేపలవాళ్ల వీధిలో ఒక అక్క ఉండేది. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే మనిషి. గాజులకు వచ్చిందంటే మలారం, అంటే తాడుకు గుచ్చిన గాజుల కట్టలన్నీ, కిందికి దించాల్సిందే. రంగు బాగాలేదంటుంది, మోత బాగాలేదంటుంది, లేచి వీధి మలుపు దాకా పోయి మళ్లీ వస్తుంది. ఆమెతో బేరం ముగిస్తే నాకు సంతర్పణ భోజనం చేసినంత తృప్తి. అలాంటి మనిషి ఎన్నికల ముందు వారం వచ్చి, పచ్చగాజులు తొడిగించుకుని, నేను చెప్పిన ధర చెప్పినట్టు చేతిలో పెట్టింది.

"ఏందక్కా, ఒంట్లో బాగుందా?" అన్నాను.

"బాగానే ఉండాదమ్మా. వస్తా." తలెత్తకుండా వెళ్లిపోయింది.

ఆమె ఒక్కతే కాదు. పొలాలున్న ఇళ్ల ఆడవాళ్లూ, నేతపనివాళ్ల ఇళ్ల ఆడవాళ్లూ, ఆ వారం ఎవరూ నోరు మెదపలేదు. చెప్పింది చెప్పినట్టు ఇచ్చి వెళ్లారు. సాయంత్రం నాయన మీసం దువ్వుకుంటూ, "చూస్తివా మే? అభ్యర్థితో ఎవురన్నా బేరమాడతారా? అది గౌరవం!" అన్నాడు.

"గౌరవమే అన్నా! మా ఇంట్లోది కూడా నీ కొట్లో బేరమాడకుండా వచ్చిందంట. మా పెళ్లయినాక ఇదే మొదలు" అన్నాడు దర్జీ మామ. మేం ముగ్గురం పకోడీలు తెప్పించుకుని తిన్నాం. పకోడీల అంగడివాడు కూడా చెప్పిన దానికంటే ఒక గుప్పెడు ఎక్కువే వేశాడు. అది చూసి మాకు ఇంకా ధైర్యం వచ్చింది.

నాయన ఓడిపోయాడు. కొద్దిలో కూడా కాదు. పెట్టె తెరిచాక గొడుగు చీటీలు ఒక చిన్న కుప్ప, మిల్లు వాళ్లవి పెద్ద కుప్ప. నాయన ఇంటికొచ్చి, పందిరికి కట్టిన గొడుగు గుర్తు విప్పి, మడిచి, లోపల పెట్టాడు. దర్జీ మామ ఆరోజు పేపరు చదవలేదు.

మర్నాడు పొద్దున్నే చేపలక్క దిగింది. అరుగెక్కి కూర్చుని, "ఆ ఎర్రవి దించు. అవి గాదు, దాని కిందవి. ఇదేం ధర తల్లీ, బంగారమా?" అని మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండింది.

"పోయినవారం నోరు రాలేదేం అక్కా? మా నాయన ఓడినాడని లోకువా?"

ఆమె చేతిలో గాజులు కింద పెట్టి నావైపు విచిత్రంగా చూసింది.

"ఏమ్మే, కొట్లో పుట్టినావు, ఇది తెలీదా? మీ నాయనకు ఓటెయ్యకూడదని అనుకున్యా. ఆ పైన బేరం గూడా ఆడితే బాగుంటాదా? నాకు మాత్రం మొహం లేదా?"

లోపల కూర్చున్న నాయన తల పైకెత్తాడు. "ఎందుకెయ్యలేదు?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని.

"రేవు నుంచి వచ్చి, బస్సు దిగి ఇందాకా గంప మోసేది నేనా, నువ్వా అన్నా? రోడ్డు మీదే సంతయితే నా మెడ బతుకుతుంది. ఈ మాట నీ మొహాన ఎట్టా చెప్పేది?"

నాయన ఆమె మెడ వైపు చూశాడు. ఇంటింటికీ తిరిగి, గొడుగుకు ఓటెయ్యమని అడిగాడేగాని, నీకేం కావాలని ఏ చేతినీ అడగలేదు. నేనూ అంతే. జనం ఏమనుకుంటున్నారో అని అన్ని రోజులు కొలిచినదాన్ని, ఎందుకనుకుంటున్నారో అడగాలని తోచలేదు.

ఆమె లేస్తూ అంది: "కొత్త సంతలో నా గంపల పక్కన నీకు చోటు పట్టి పెడతా. మలారం ఎత్తుకొని రా."

"చేపల పక్కన గాజులా!" అన్నాను నేను.

"చేపలు కొనేవాళ్లకు చేతుల్లేవా?" అన్నాడు నాయన. ఆ చోటు కోసం ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. ఆయనకు గోడ వైపు నీడ కావాలి, ఆమెకూ అదే కావాలి. చివరికి పొద్దున నీడ ఆమెకు, సాయంత్రం నీడ ఆయనకు అని తేలింది. ఓడిన తరువాత నాయన గొంతు మామూలుగా వినపడింది అప్పుడే.

సంత రోడ్డుకు మారాక బజారు చప్పబడింది గాని, సంత రోజున నాయన మలారం భుజాన వేసుకుని రోడ్డుకు పోయి, ఇల్లు గడుపుకొచ్చాడు. అక్కడ మాకున్న ఇబ్బంది ఒక్కటే, పైకప్పు లేదు. ఎండకు ఎండి, వానకు తడవడమే. ఓట్లప్పుడు వేయిస్తానన్న రేకులు మిల్లు యజమాని వేయించనే లేదు.

మళ్లీ ఎన్నికలు వచ్చినప్పుడు ఆయన మా కొట్టుకు వచ్చాడు. మడత నలగని ఖద్దరు, వెనక పదిమంది.

"ఈసారి గూడా నీ ఓటు నాకేగదా అన్నా?" అన్నాడు నవ్వుతూ. ఆ "గూడా"కు దర్జీ మామ దగ్గాడు.

రేకుల సంగతి నాయన ఇప్పుడు ఎత్తుతాడని నేను కాచుకుని ఉన్నాను.

"అట్నే అన్నా. తప్పకుండా" అన్నాడు నాయన.

మిల్లు యజమాని సంతోషంగా రెండడుగులు వేశాడు. ఆయనా తరతరాల వ్యాపారి ఇంటివాడే. మెట్టు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"ఏం కావాలో అడగవేందన్నా?"

"ఏమొద్దులే అన్నా" అన్నాడు నాయన, గాజుల దుమ్ము తుడుస్తూ.

మిల్లు యజమాని మొహంలో నవ్వు సన్నగిల్లింది. వెనకున్న పదిమందినీ ముందుకు పొమ్మని, తాను చెప్పులు విడిచి, మళ్లీ మా అరుగెక్కి కూర్చున్నాడు.

"రేకులెన్ని కావాల్నో చెప్పు" అన్నాడు.