తాతయ్య ఆగని ఇల్లు

నా చిన్నప్పుడు హజ్ యాత్రకు బయలుదేరే మనిషి పెట్టె సర్దుకునే ముందు ఊళ్ళో గడపగడపకూ వెళ్ళి మాఫీ అడిగేవాడు. తెలిసో తెలియకో మిమ్మల్ని ఒక మాట అని ఉంటే, మీ మనసు నొప్పించి ఉంటే క్షమించండి అని చేతులు జోడించేవాడు. అంత దూరం వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తారన్న భరోసా ఆ రోజుల్లో తక్కువ. అదీగాక మసీదులో పెద్దలు మాకు నేర్పిన మాట ఒకటుంది. దేవుడి పట్ల చేసిన తప్పును దేవుడు క్షమిస్తాడు, మనిషి పట్ల చేసిన తప్పును మాత్రం ఆ మనిషే క్షమించాలి.

మా తాతయ్య దూది ఏకి పరుపులు కుట్టేవాడు. చిలకలూరిపేట మిల్లుల నుంచి దూది బస్తాలు తెచ్చుకునేవాడు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో ఎవరింట పెళ్ళి జరిగినా పరుపులు ఆయన చేతివే. నాకు పదేళ్ళప్పుడు, నాన్న వేసిన మిరపతోట బాగా కలిసొచ్చిన ఏడాది, తాతయ్య హజ్ యాత్ర ఖాయమైంది. ఆయనకు అప్పటికే చూపు మందగించింది. అందుకని మాఫీ అడగడానికి ఇల్లిల్లూ తిరిగేటప్పుడు చెయ్యి పట్టుకుని నడిపించే పని నాయనమ్మ నాకు అప్పగించింది.

ఆ తిరుగుడు నాకు పండగలాగే ఉండేది. కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజులు. వీధంతా ఘాటు. ఇద్దరం తుమ్ముకుంటూ నడిచేవాళ్ళం. ఏ ఇంటికి వెళ్ళినా మంచం వాల్చి మజ్జిగ ఇచ్చేవారు. హిందువుల ఇళ్ళకూ వెళ్ళాం, ఊరంటే అందరూ కదా. మా ఎదురింటి పెద్దరైతు తాతయ్య మాట పూర్తి కాకముందే నడుం మీద చెయ్యి వేసుకుని, "నా పెళ్ళి పరుపులో దూది తగ్గించావు మామా. అప్పట్నుంచీ ఈ నడుం నొప్పి పోలేదు. అదొక్కటీ మాఫీ చెయ్యను పో!" అన్నాడు.

"అది దూది తప్పు కాదు అల్లుడూ, నీ బరువు తప్పు" అన్నాడు తాతయ్య. అరుగు మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ తర్వాత ఆ రైతే గొంతు తగ్గించి, "నీలాంటోడు ఎవరికేం అపకారం చేస్తాడు మామా? నువ్వే మమ్మల్ని క్షమించాలి" అన్నాడు.

అందరూ దాదాపు అదే మాట అనేవారు. వాళ్ళు ముఖస్తుతి కోసం అనలేదు. ఒకప్పుడు తాతయ్యకు ముక్కు మీద కోపం, కల్లు అలవాటు కూడా ఉండేదట. అప్పటికి నాలుగేళ్ళ కిందట నాయనమ్మ గుంటూరులో పెద్ద ఆపరేషను నుంచి బతికి బయటపడ్డాక ఆయన నమాజు పట్టాడు. అయిదు పూటల్లో ఒక్క పూట తప్పలేదు. కోపం తగ్గింది, కల్లు మానేశాడు, పరుపు తూకంలో ఎప్పుడూ గుప్పెడు దూది ఎక్కువే వేసేవాడు. విశ్వాసం మనిషిని మారుస్తుందా అని ఎవరైనా వాదానికి దిగితే మా ఊరివాళ్ళు మా తాతయ్యను చూపించేవారు.

మూడో రోజుకు మా వీధి పూర్తయింది, ఒక్క మూలిల్లు తప్ప. అక్కడికి వచ్చేసరికి తాతయ్య నడక వేగం పెంచాడు. "తాతయ్యా, ఈ ఇల్లు మిగిలింది" అన్నాను. "అక్కడ పని లేదు తల్లీ, పద" అన్నాడు.

నాకు వింతగా అనిపించలేదు. ఆ ఇంట్లో ఉండేది దొంగ అని నాకు తెలుసు. ఆమెను నేను కుట్టు పిన్ని అని పిలిచేదాన్ని. భర్త పోయాక తాతయ్య దగ్గర పరుపులు విప్పి, మళ్ళీ కుట్టి, కూతుర్ని పెంచుకునేది. ఒకసారి ఊళ్ళో కలిగిన ఇంటివాళ్ళు పాత పరుపు ఏకించడానికి పంపారు. వారం తర్వాత వచ్చి, అందులో తమ అత్తగారు బంగారు కమ్మలు దాచి కుట్టేసిందని చెప్పారు. కమ్మలు దొరకలేదు. ఆ రోజు నుంచి కుట్టు పిన్ని కమ్మల దొంగ అయింది. ఎవరూ పని ఇవ్వలేదు. మిరపకాయలకు తొడిమలు తీసి పొట్ట పోసుకునేది. మా తాతయ్య పరువు తీసిన మనిషి గడప ఆయన ఎందుకు తొక్కుతాడు? పదేళ్ళ నాకు అది న్యాయంగానే తోచింది.

మర్నాడు కొట్టుకు వెళ్ళి వస్తుంటే ఆమే పిలిచింది. వాకిట్లో మిరపకాయల కుప్ప ముందు కూర్చుని, తల ఎత్తకుండానే అడిగింది. "ఏమే పిల్లా, మీ తాత అన్ని ఇళ్ళకీ పోయాడంటగా? నా కొంపకి రాలేదే? నాకే తప్పూ చెయ్యలేదేమోలే. ఆ మాట అల్లాకు కూడా చెప్పి రమ్మను."

నేను ఆ మాటను మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉన్నదున్నట్టు చెప్పేశాను. నాన్న మండిపడ్డాడు. నాయనమ్మ మాత్రం తాతయ్య వైపే చూసింది. తాతయ్య కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలేసి చెయ్యి కడుక్కుని లేచాడు. గుమ్మంలో నిలబడి నా వైపు చెయ్యి చాచాడు. నేను వెళ్ళి పట్టుకున్నాను.

కుట్టు పిన్ని వాకిట్లో ఆయన నిలబడి ఏదో అన్నాడు. పక్కనున్న నాకే సరిగా వినపడలేదు. ఆమె తొడిమలు తీస్తూనే ఉంది. "ఇంత మెల్లిగా అడుగుతున్నావేంది మామా? ఆ రోజు ఊరంతా వినేట్టు అన్నావుగా. ఊరంతా వినేట్టు చెప్పు, ఆ తర్వాత చూద్దాం" అంది.

ఆ శుక్రవారం జుమ్మా నమాజు కాగానే ఊరు ఊరంతా దండలు పట్టుకుని మా వీధికి వచ్చింది. ప్రయాణం సోమవారం. దండలతో తాతయ్య ముఖం సగం కప్పుకుపోయింది. మక్కాలో తమ కోసం దువా చెయ్యమని అందరూ అడుగుతుంటే ఆయన దండలు ఒక్కొక్కటే తీసి నా చేతికిచ్చి, మూలింటి వైపు తిరిగి గట్టిగా చెప్పాడు. ఆ కమ్మలు తీసింది తానేనని. ఆపరేషనుకు డబ్బు లేక తీశానని. పరుపు సొంతదారు అడిగినప్పుడు తాను అన్నది ఒక్క మాటేనని. "కుట్లు విప్పింది ఆమె కదా, అన్నాను. అది నిజమే. ఆ నిజంతోనే ఆడకూతురి గొంతు కోశాను."

తర్వాత జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఊరు ఆయన్ను క్షమించడానికి తొందరపడింది. కమ్మల సొంతదారు ముందుకొచ్చి, "పాత సంగతి, పోనీండి సాయిబుగారూ" అన్నాడు. మసీదు పెద్ద ఒకాయన, "ఒప్పుకున్నాడు, ఎంత గొప్ప మనసు!" అన్నాడు. ఆమెను తలా ఒక మాట అన్నవాళ్ళే ఆయన చేతులు పట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు. ఎవరో మూలింటి గడప దగ్గరికి వెళ్ళి, "ఇంకేంటమ్మా, మాఫ్ అను, పుణ్యాత్ముడు ప్రయాణం మీద ఉన్నాడు" అని ఆమెను తొందరపెట్టారు.

కుట్టు పిన్ని అందరినీ చూసింది. "నాకంటే ఎక్కువ పోగొట్టుకుంది నా కూతురు. దాచేపల్లిలో ఉంది. దాన్నడగండి" అని తలుపు వేసుకుంది.

ఆ కూతుర్ని నేను అక్కా అనేదాన్ని. నాకు జడ వేసేది. నేను ఒకటో తరగతిలో ఉండగా ఆమె ఏడో తరగతి. కమ్మల గొడవ జరిగాక బడి మాన్పించి, వచ్చిన మొదటి సంబంధం ఇచ్చి దూరం పంపేశారు.

శనివారం పొద్దున తాతయ్యా నేనూ బస్సెక్కి దాచేపల్లి వెళ్ళాం. సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము చెట్ల ఆకుల మీద, ఇళ్ళ కప్పుల మీద బూడిదలా పేరుకుని ఉంది. అక్క చంకలో పిల్లవాడితో తలుపు తీసింది. పదహారేళ్ళు, బొమికలు తేలి ఉంది. తాతయ్య అంతా చెప్పాడు. ఆమె పిల్లవాణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంటూ విన్నది. చివరికి, "నడవలేక ఇంత దూరం వచ్చారు. నా తరపున మాఫ్ తాతయ్యా, వెళ్ళి రండి" అంది. అమ్మ సంగతి అమ్మదే అని కూడా అంది. తాతయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

మాకు మంచినీళ్ళు ఇస్తూ అక్క నా వైపు చూసి అడిగింది. "నీ బలపం దొరికిందా, బుజ్జీ?"

ఆ గొంతులో కోపం లేదు. కమ్మలు పోయిన నెలలో బళ్ళో నా బలపం కనిపించలేదు. అందరూ చూస్తుండగా అక్క దగ్గరికి వెళ్ళి, సంచి తెరిచి చూపించమన్నాను. ఆమె పుస్తకాలన్నీ నేల మీద దులిపింది. పిల్లలు నవ్వారు. బలపం సాయంత్రం నా సంచి అడుగునే కనిపించింది. మర్నాటి నుంచి అక్క బడికి రాలేదు.

"దొరికింది" అన్నాను. అంతే అనగలిగాను.

తిరుగు బస్సులో తాతయ్య అడిగాడు, ఏ బలపం అని. చెప్పాను. ఆయన చాలాసేపు నా తల నిమిరి, "దిగి వెనక్కి పోదామా తల్లీ?" అన్నాడు. నాకు సిగ్గేసింది. మళ్ళీ వచ్చినప్పుడు అడుగుతాను అన్నాను.

"నేనూ అట్టాగే అనుకున్నా, నాలుగేళ్ళు" అన్నాడు. బలవంతం మాత్రం చెయ్యలేదు. బస్సు ఆగలేదు.

సోమవారం ఆయన దండలు లేకుండా బయలుదేరాడు. తిరిగి వచ్చాక ఎవరైనా హాజీగారూ అంటే వారించేవాడు. కుట్టు పిన్ని ఆయనకు సలాము చెప్పేది, మాఫ్ మాత్రం అనలేదు. ఆయన అడగడమూ మానలేదు. ఆ మరుసటి ఏడాది అక్క రెండో కాన్పులో చనిపోయిందని కబురు వచ్చింది. నేను మళ్ళీ దాచేపల్లి వెళ్ళనే లేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఖురాన్ చదివిన దాన్ని, ముప్ఫై ఏళ్ళుగా వీధిలో ఆడపిల్లలకు నేర్పిన దాన్ని. విశ్వాసం మనిషిని మారుస్తుందని మనసారా నమ్ముతాను, నా కళ్ళతో చూశాను కనుక. తాతయ్య మార్పు నటన కాదు. కానీ ఆయన భక్తి పెరిగిన కొద్దీ ఊళ్ళో ఆమె మాటకు విలువ తగ్గింది. నమాజు చేసే మనిషి మాటను కాదని దొంగ మాట ఎవరు నమ్ముతారు? నాలుగేళ్ళ పాటు ఆయన నుదురు నేలకానించి చేసిన సజ్దాలే ఆమె నోటికి తాళమయ్యాయి. ఆ తాళం తీయించినదీ ఆ విశ్వాసమే. ఈ రెండూ నిజమే. ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచడం నాకు చేతకాదు.

తప్పులకు క్షమాపణ కోరుకునే రాత్రి, షబే బరాత్, వచ్చిందంటే మా పిల్లల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. తప్పులుంటే మాఫ్ చేయండి అని ఒకే సందేశం అందరికీ పోతుంది. నేను వాళ్ళను తిట్టను. ఎవరి పేరు దగ్గర మీ వేలు ఆగిందో వాళ్ళింటికి నడిచి వెళ్ళండి, ఇవాళే వెళ్ళండి అంటాను. కొందరు వెళ్తారు.

నేనూ హజ్ చేసి వచ్చాను. అక్కడ ఏడ్చాను, అడిగాను. అల్లా దయామయుడు, అందులో నాకు అనుమానం లేదు. అయినా మాఫ్ అన్న మాట అక్క నోటి నుంచి రావాలి. చనిపోయినవాళ్ళందరూ లేచి నిలబడే ఆ తీర్పు రోజున, అంత జనంలో అమ్మనూ నాన్ననూ వెతకడానికి ముందు ఆమెను వెతుక్కుంటూ వెళ్ళాలి. ఆమె నన్ను గుర్తుపట్టాలని మాత్రం రోజూ దువా చేస్తాను.