బంతుల హెబ్రోను చేతులు కట్టుకున్న ఏడాది

హెబ్రోను బంతి చుట్టనని మూడు నెలలు చేతులు కట్టుకుని కూర్చుంటే, రామాయపట్నం మొదలు తూపిలిపాలెం దాకా సముద్రం పొడుగునా ఒక్క బ్యాటు పైకి లేవలేదు. నెల్లూరు ప్లీడర్లు బ్యాట్లు చంకన పెట్టుకుని పాసింజరు బండెక్కి వచ్చి, బిట్రగుంట రైల్వే కాలనీలో ఆయన క్వార్టరు ముందర వరస కట్టినారు. గూడూరు జట్టువాళ్లు ఆగలేక నిమ్మకాయలతో ఆడి, కళ్లలో పులుసు పడి, అయిదుగురూ ఒకే రోజు ఆసుపత్రిలో చేరినారు. ఇది బిట్రగుంటలో ఏ కాఫీ హోటల్లో కూర్చున్నా వినపడే సంగతే. చెప్పే మనిషిని బట్టి మూడు నెలలు అయిదవుతాయి, ప్లీడర్ల వెనకాల ఒక జడ్జీ కూడా వచ్చి నిలబడతాడు.

హెబ్రోను లోకో షెడ్డులో ఫిట్టరు. అరవై ఒకటో సంవత్సరానికి ముప్పై రెండేళ్లవాడు. మనిషి పొట్టి, చేతులు మాత్రం ఇంకెవరికో కొలిచి పొరపాటున ఈయనకు తగిలించినట్టుంటాయి. వంగకుండానే మోకాళ్లు గోక్కోగలడు. ఆడేది బాల్ బ్యాడ్మింటన్. వలకు ఇటు అయిదుగురు, అటు అయిదుగురు, నడుమ పసుప్పచ్చ ఉన్ని బంతి. ఇరవైతొమ్మిది పాయింట్లకు ఒక గేము. ఆ రోజుల్లో నెల్లూరు సీమలో పెళ్లికొడుకు ఏం చదివినాడని అడగబోయే ముందు ఫ్రంటు ఆడతాడా బ్యాకు ఆడతాడా అని అడిగేవాళ్లు.

మన ఎండలకు ఉన్ని ఎక్కడ దొరుకుతుంది? హెబ్రోనుకు దొరికింది. వాళ్లమ్మ మగ్దలీనమ్మ మిషను ఆసుపత్రిలో ఆయా. అమెరికా నుంచి బీదవాళ్లకని పార్సిళ్లలో స్వెటర్లు వచ్చేవి. నెల్లూరులో స్వెటరేసుకుంటే మనిషి పొయ్యెక్కకుండానే ఉడికిపోతాడు కాబట్టి, ఆసుపత్రి దొరసాని వాటినేం చెయ్యాలో తెలియక మగ్దలీనమ్మ చేతిలో పెట్టేది. తెల్లవి ఏరి, పోగు పోగూ విప్పి, పసుపు నీళ్లలో ఉడకబెట్టి, మూడు రోజులు దండెం మీద ఆరేసి, అప్పుడు చుట్టేవాడు హెబ్రోను. ఆయన చుట్టిన బంతి పడమటి గాలిలో కూడా గీత గీసినట్టు పొయ్యేది. లీగులో ఆరు జట్లూ ఆ బంతితోనే ఆడేవి. బంతి కొలతకు లీగువాళ్ల దగ్గరుండే ఇత్తడి రింగు కూడా ఆయన షెడ్డులో చేసిచ్చిందే. బంతి ఆ రింగులో ఇరుక్కుని నిలబడాల. జారి కిందపడిందా, చిన్నదైనట్టు లెక్క.

కాలనీలో స్టార్ క్లబ్బుకు హెబ్రోను నాలుగేళ్లు బంతులు చుట్టినాడు. సాయంత్రాలు ఎవరైనా రాకపోతే ఆ ఖాళీలో ఆడేవాడు. వచ్చినారంటే గీత బయట నిలబడి బంతులందించేవాడు. ఆట అయిపోయినాక అందరూ క్లబ్బు గదిలో కాఫీ తాగుతారు. సెక్రటరీ పద్మనాభయ్య తలుపులోంచి తొంగిచూసి, ఎంతో మర్యాదగా, "హెబ్రోనూ, నీ కాఫీ వరండాలోకి పంపిస్తున్నాలే, అక్కడ గాలి బాగుంటాది" అనేవాడు. నాలుగేళ్లు గాలి అక్కడే బాగుండింది.

ఆ గదిలో గోడకు ఒక నల్లబోర్డు. లీగు గెలిచిన ఏడాది అయిదుగురి పేర్లు దానిమీద తెల్ల పెయింటుతో రాస్తారు. అప్పటికి మూడు వరసలున్నాయి. వాటిని కిటికీ ఊచల్లోంచి చదివి చదివి హెబ్రోనుకు నోటికొచ్చేసినాయి.

అరవై ఒకటి నవంబరులో లెఫ్ట్ బ్యాకు ఆడే రైలు గార్డుకు గుంతకల్లు ట్రాన్స్‌ఫరయ్యింది. ఇంకో మనిషి లేడు. పద్మనాభయ్య మూడు రోజులు ఆలోచించి, "సరే, సీజనంతా నువ్వే ఆడు" అన్నాడు. హెబ్రోను ఇంటికొచ్చి భార్య జయశీలకు చెప్పినాడు.

"గెలిస్తే బోర్డు మీద నాలుగో వరస. ఆఖరి పేరు నాది."

జయశీల చేపలు తోముతూ తలెత్తలేదు. "పేరు లోపల రాసి, కాఫీ బయటిస్తే?"

"పేరు లోపలికి పోయినాక మనిషిని బయట ఎట్టా నిలబెడతారు మే?"

"ఎట్టానా? నీ బంతులు లోపలికి పోలా ఇన్నేళ్లూ?"

హెబ్రోను బ్యాటుకు నరాల తీగెలు బిగించుకుంటా కూర్చున్నాడు. ఆయనకా ఏడాది కావలసింది ఒక్కటే, ఆ అయిదుగురిలో చివరిదాకా ఉండడం.

వానలు వెనక్కి తగ్గినాక లీగు మొదలయ్యింది. కావలివాళ్లను వాళ్ల కోర్టులోనే ఓడించినారు. హెబ్రోను వెనక గీత దగ్గరనుంచి కొట్టిన దెబ్బకు కావలి ఫ్రంటు ఆటగాడి టోపీ ఎగిరి, రైలు కింద పడి, మద్రాసులో దొరికిందంటారు. మైపాడు ఆట ఇంకా కష్టం. అక్కడ కోర్టు సముద్రానికి ఆనుకునే ఉంటుంది, నాలుగు దెబ్బలకే బంతి ఉప్పుగాలి తాగి నానిన గారెలాగా బరువెక్కిపోతుంది. హెబ్రోను ఒక బంతి ఆటలో ఉండగా ఇంకో బంతిని చొక్కా లోపల చంకలో పెట్టుకుని వెచ్చబరిచి, అంపైరు ఒప్పుకున్నప్పుడల్లా మార్చినాడు. రెండో గేములో మైపాడు వాళ్లు ఇరవైయేడు దాకా వచ్చి, తమ పడవ తామే తిప్పేసుకున్నట్టు వరసగా మూడు బంతులు వలకు కొట్టుకున్నారు. బస్సులో తిరిగొస్తుంటే అందరూ హెబ్రోను వీపు చరిచినారు. రిజర్వు ఆటగాడు మాల్యాద్రి, "అన్నా, నీ చంకను క్లబ్బు కప్పులో పెట్టి ఊరేగించాల" అన్నాడు. బస్సంతా నవ్వింది. హెబ్రోను కూడా నవ్వినాడు. నలుగురిలో ఒకడుగా నవ్వడం ఎట్లా ఉంటుందో అప్పుడే తెలిసిందాయనకు.

జనవరి నెలాఖరుకు మిగిలింది రెండాటలు. విడవలూరుతో ఒకటి, తర్వాత నెల్లూరుతో ఫైనలు. విడవలూరు ఆట బిట్రగుంటలోనే కాబట్టి బంతులు స్టార్ క్లబ్బే ఇవ్వాల. మైపాడు ఇసకకు పాతవన్నీ పీచులేచిపోయినాయి. పద్మనాభయ్య ఆ సంగతి ఆటకు రెండు రోజుల ముందు చెప్పినాడు. అదే రోజు సముద్రంలో వాయుగుండం పుట్టి ముసురు పట్టింది. పసుపు నీళ్లలోంచి తీసిన ఉన్ని దండెం మీద ఎట్టా వేసింది అట్టానే ఉంది, చుక్క కూడా ఆరలేదు.

ఇంకొకడైతే పాత బంతులే ఇచ్చుండేవాడు. హెబ్రోను లోకో షెడ్డు మనిషి. గుడ్డ తడిసినా, అన్నం చల్లారినా, చలి జొరం తగిలినా, షెడ్డువాళ్లకు తెలిసిన మందు ఇంజను ఒక్కటే. తడి ఉన్నినే చుట్టి, మూడు బంతులూ తీసుకుపోయి, షెడ్డులో నిప్పు మీదున్న గూడ్సింజను ఆవిరి గొట్టం మీద పెట్టి, పైన గోతం కప్పినాడు. పొద్దున చూస్తే గలగలా ఆరిపోయున్నాయి. చేతిలోకి తీసుకుంటే గట్టిగా తగిలినాయి. ఈసారి చుట్టడం బాగా కుదిరిందనుకున్నాడు. పన్నెండేళ్లు ఉన్నితో బతికిన మనిషికి, తడి ఉన్ని ఆవిరికి ముడుచుకుపోతుందని తోచలేదు. కొలిచి చూద్దామంటే రింగు లీగువాళ్ల దగ్గరుంది.

ఆ సాయంత్రానికి వాన తెరిపిచ్చింది, ఆటలో బంతి తూటాలాగా పోయింది. విడవలూరు వాళ్లు బ్యాటెత్తే లోపల వెనక గీత దాటేది. ఇరవైతొమ్మిది పదకొండు, ఇరవైతొమ్మిది తొమ్మిది. కాలనీ జనం ఈలలేస్తున్నారు. విడవలూరు కెప్టెన్ మస్తానయ్య బంతిని ఏరుకుని, అరచేతిలో దొర్లించి చూసి, అంపైరు కామాక్షయ్య దగ్గరికి నడిచినాడు.

"ఏమయ్యా మేష్టరూ, ఇది బంతా, గోలీకాయా? రింగు తియ్యి."

కామాక్షయ్య నెల్లూరులో డ్రిల్లు మేష్టరు. జేబులోంచి రింగు తీసి బంతిని దాంట్లో పెట్టినాడు. నిలబడలేదు. జారి ఆయన బూటు మీద పడి దొర్లింది. రెండోదీ అంతే. మూడోది పెట్టబోతుంటే హెబ్రోనే ముందుకొచ్చినాడు.

"వద్దులే సార్. అన్నీ నేనే చుట్టినా. తడి ఆరలేదని ఆవిరి గొట్టం మీద పెట్టినా. ముడుచుకుపోయినట్టుంది. నాకు తెలియలా."

"తెలియలేదంట!" మస్తానయ్య ఎగతాళిగా నవ్వినాడు. "ఇరవైతొమ్మిది తొమ్మిది కొట్టేటప్పుడు కూడా తెలియలేదా నాయనా?"

హెబ్రోను మిగతా నలుగురి వైపు చూసినాడు. ఒకడు బూటు తాడు కట్టుకుంటున్నాడు. ఒకడు ఆకాశంలోకి చూస్తున్నాడు. అక్కడ చూడ్డానికి మబ్బు తప్ప ఏమీ లేదు.

మూడో రోజు మధ్యాహ్నం పద్మనాభయ్య ఆయన్ను షెడ్డు ఆఫీసుకు పిలిపించినాడు. పద్మనాభయ్య అక్కడ హెడ్ క్లర్కు. బల్లమీద ఒక కాగితం రాసి పెట్టుంది.

"లీగువాళ్లు ఆట రద్దు చేసి సంజాయిషీ అడిగినారు హెబ్రోనూ."

"రాసిస్తా సార్. తెలియక జరిగిందని, తప్పు నాదేనని."

"తెలిసి చేసినా తెలియక చేసినా, అయిదుగురిలో ఒకడు బంతి చెడగొడితే జట్టు ఆ ఏడాదికి అవుట్. రూలు అట్టా ఉంది. నలుగురి నోట్లో మట్టి కొడతావా?" పద్మనాభయ్య కళ్లజోడు తుడుచుకున్నాడు. "అయితే ఇంకో దారుంది. నీ పేరు మెంబర్ల పుస్తకంలో లేదు. మెంబరు కానోడు చేసినదానికి జట్టుకు పూచీ లేదు."

"లేకపోవడమేంది సార్? నాలుగేళ్ల కింద మీరేగా దరఖాస్తు తీసుకున్నారు?"

"తీసుకున్నాం. రాద్దామనే అనుకున్నాం. కమిటీలో ఎవరో ఒకరు, వచ్చే నెల చూద్దాంలే అంటా వచ్చినారు. ఇప్పుడదే మంచిదయ్యింది చూడు."

హెబ్రోను కాగితం చదివినాడు. 'సదరు హెబ్రోను మా క్లబ్బు సభ్యుడు కాడు. బంతులు చుట్టి ఇచ్చు మనిషి. ఆటగాడు తక్కువైనందున నిలబెట్టితిమి. బంతి చేసిన విధము మాకు తెలియదు. కావున ఆట తిరిగి జరిపించవలసినది.' కింద హెబ్రోను 'పై సంగతి నిజము' అని సంతకం పెట్టడానికి చోటు వదిలినారు.

"కావాలని చెయ్యలేదని ఒక్క ముక్క రాయండి సార్."

"అది రాస్తే విచారణంటారు. విచారణంటే నువ్వు ఆటగాడివవుతావు. ఆటగాడివైతే జట్టు పోతాది." పద్మనాభయ్య కలం ముందుకు తోసినాడు. "నీకంటూ పోయేదేముంది చెప్పు? వచ్చే ఏడాది నేనే దగ్గరుండి పుస్తకంలో రాయిస్తా."

షెడ్డులో ఇంజను ఆవిరి వదిలింది. హెబ్రోను గ్రీజు చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని సంతకం పెట్టినాడు. నాలుగేళ్లలో క్లబ్బు కాగితం మీద ఆయన పేరు పడింది అదే మొదటిసారి.

ఆట తిరిగి జరిపించడానికి లీగు ఒప్పుకుంది. కానీ బంతుల్లేవు. మద్రాసు నుంచి తెప్పించిన బంతులు గాలిలో కుంటుతున్నాయని విడవలూరు వాళ్లే గొణిగినారు. ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోయి హెబ్రోను, జయశీల ఇంటికొచ్చేసరికి పద్మనాభయ్య గడపలో ఉన్నాడు. వెనకాల మాల్యాద్రి తల వంచుకుని నిలబడినాడు. ఇప్పుడు లెఫ్ట్ బ్యాకు అతనే.

"ఆరు బంతులు కావాల హెబ్రోనూ. ఈ ఆటకు మూడు, ఫైనలుకు మూడు."

జయశీల బైబిలు సంచి కూడా దించలేదు. "సభ్యుడు కాదని రాయించుకున్నారు గదా సార్, మా ఇంటికెందుకొచ్చినారు? ఆవిరి గొట్టం ఉండనే ఉంది, దాన్నడగండి. మీరు గూడా ఒక గంట దానిమీద కూర్చుంటే మా వేళ్లంత అవుతారు, అప్పుడు మీకు మేం వరండాలో కాఫీ పోస్తాం."

"ఏందమ్మా ఆ మాటలు?"

"అన్నా," మాల్యాద్రి నోరు తెరిచినాడు, "నేను ఆడనని చెప్పినా. వినలేదు."

"ఎన్నిసార్లు చెప్పినావు అబ్బయా?" అంది జయశీల.

హెబ్రోను ఇద్దరినీ దాటుకుని లోపలికి పోయి, ఉన్ని బుట్ట ముందర కూర్చున్నాడు. మాల్యాద్రి ఒకసారి కూడా చెప్పుండడని ఆయనకూ తెలుసు.

ఇక్కడినుంచి కాలనీ కథ రెక్కలు విప్పుతుంది. హెబ్రోను ఆ బుట్ట ఎత్తుకుపోయి గూడ్సింజను నిప్పుల్లో బోర్లించినాడంటారు, ఒంగోలు దాకా బండి పసుప్పచ్చ పొగ కక్కుకుంటా పోయిందంటారు. పద్మనాభయ్య కాళ్లు పట్టుకున్నాడంటారు. ఆ తర్వాత చేతులు కట్టుకోవడం, ప్లీడర్ల వరస, నిమ్మకాయలు. అరవై ఎనిమిదిలో ఒక సాయంత్రం స్టేషను పక్క హోటల్లో ఇదంతా మంచి జోరుగా నడుస్తోంది, మూడు నెలలు నాలుగో నెలలో పడినాయి. డ్యూటీ దిగొచ్చిన హెబ్రోను గోడవార బెంచీ మీదనుంచి ఆసాంతం విన్నాడు. అందరూ తన వైపు తిరిగేసరికి, లేచి పోబోతూ చెప్పినాడు:

"చేతులు కట్టుకునింది లేదు, ఏం లేదు. సోమవారం డ్యూటీ దిగొచ్చి చుట్టినా, ఆరు. కొలత సరిగ్గానే వచ్చింది. లీగు ఒక్కరోజు కూడా ఆగలా. నా చోట్లో మాల్యాద్రి ఆడినాడు. రెండాటలూ గెలిచినారు."