బేటరీ తాగిన నీళ్లు

మా ఆయనకు వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. కవిటి పక్కనున్న మా ఊరి నుంచి ఆరింటికి బయలుదేరితే ఎనిమిదిలోపు చేరతాం. ఆలస్యమైతే అక్కడ ఆయన మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఒకసారి అలా వంతు తప్పితే పాదాలు ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక, ఆయన గోడకు ఆనుకుని కూర్చునే ఉండిపోయారు. అందుకని మా పాత కారు పొద్దున్నే స్టార్ట్ అవడం మా ఇంట్లో చిన్న విషయం కాదు.

నేను బడికి వెళ్లలేదు. అక్షరాలు నాన్న ఇంట్లోనే నేర్పారు. కారు మా ఆయన జీడితోటలో నేర్పారు. రెండూ అక్కరకొచ్చాయి. నేర్పిన ఇద్దరికీ, నేర్పించిన దేవుడికీ దణ్ణం.

పొద్దున్నే దేవుడికి దీపం పెట్టాక బానెట్ ఎత్తి బేటరీ మూతలు విప్పి చూడటం నా అలవాటు. నీళ్లు తగ్గితే పోసేదాన్ని. మా వైపు నేల నీళ్లు తాగితే కిడ్నీలు పోతాయని భయం, తాగడానికి క్యాన్ నీళ్లే కొంటాం. ఆయన కోసం తెచ్చిన నీళ్లకంటే మంచివి ఏముంటాయని బేటరీకి కూడా అవే పోశాను. మొదట్లో నెలకోసారి. తర్వాత వారానికోసారి. ఎండలు ముదిరేసరికి మూడు రోజులకోసారి. ఎండకు ఇంకిపోతున్నాయనుకున్నాను.

ఆయనకేమో డాక్టరు చెప్పినట్టు రోజుకు కొలిచి ఇచ్చిన సీసాడే నీళ్లు.

"దాని పనే బాగుందే. అడక్కుండానే పోత్తన్నావు" అనేవారు.

ఆ మూడు నెలల్లో హెడ్‌లైటు బల్బులు రెండుసార్లు మాడిపోయాయి. కారులో ఏదో కుళ్లు వాసన కూడా మొదలైంది. బారువ నుంచి మా ఆడపడుచు పంపిన ఎండుచేపల సంచి డిక్కీలో వచ్చింది కదా, దానిదేననుకుని డిక్కీ కడిగాను. పోలేదు. మళ్లీ కడిగి అగరొత్తి వెలిగించాను.

ఒక సోమవారం ఆయన్ని కూర్చోబెట్టి తాళం తిప్పితే టకటకమని శబ్దం తప్ప ఏమీ లేదు. పక్కింటి ఆటో అతను పరుగున వచ్చాడు. అతని తల్లికి కూడా పలాసలోనే డయాలసిస్.

"బేటరీ పోనాది వదినా. కొత్తది ఏయించీ."

"ఏడాది కూడా కాలేదయ్యా."

"అయితే దిష్టి తగిలుంటాది. గేరులో పెట్టు, తోస్తాను."

తోస్తే స్టార్టయింది. ఆ రోజు చివరి నిమిషంలో చేరాం. ఆయన్ని మంచం మీదికి చేర్చి, ఇంజిన్ ఆపకుండానే కారును మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను బానెట్ ఎత్తుతూనే ముక్కు మూసుకున్నాడు.

"ఏటప్పా, ఇందులో కుళ్లిన గుడ్లు గాని ఏసేరేటి?"

"ఎండుచేపలు, బాబూ."

"సేపలు ఇంజిను కాడికెందుకొత్తాయి?"

మీటరు తీగలు రెండూ బేటరీకి ఆనించి నన్ను చూడమన్నాడు. పదిహేను వోల్టులు దాటి, పదహారుకు దగ్గరగా ఉంది.

"ఇంజిను నడుస్తున్నప్పుడు పద్నాలుగు, మహా అయితే పద్నాలుగున్నర ఉండాల. మీ ఆల్టర్నేటరు దీన్ని ఉడకబెట్టేత్తంది. నీళ్లు మాటిమాటికీ తగ్గిపోతన్నాయా?"

"తగ్గినప్పుడల్లా పోస్తూనే ఉన్నాను."

"ఏ నీళ్లు?"

"క్యాన్ నీళ్లు. మేం తాగేవే."

అతను నవ్వలేదు. అది నాకు గుర్తుంది.

"మనకి మంచివే అప్పా, దీనికి కాదు. దీనికి ఏటీ కలవని డిస్టిల్డ్ వాటరు పొయ్యాల. అదలాగుండనీ. ఇన్ని నీళ్లు ఎటెల్తన్నాయని సూడాల గదా."

చూడలేదు. బేటరీ గుంటలు నిండితే చాలనుకున్నాను. ఉడుకుతున్న బేటరీలో మూడు నెలలు నీళ్లు పోస్తూ, బాగానే చూసుకుంటున్నానని దేవుడికి చెప్పుకున్నాను. బల్బులను మాడ్చింది, ఆ వాసన పుట్టించింది కూడా ఆ ఎక్కువ కరెంటే.

ఆల్టర్నేటర్‌లో కరెంటును అదుపులో పెట్టే రెగ్యులేటర్ అనే చిన్న ముక్క పాడైందట. అది మార్చకుండా కొత్త బేటరీ వేస్తే అదీ ఇలాగే పోయేదన్నాడు. రెండూ మార్చాక మీటరు పద్నాలుగు కొంచెం దాటి నిలిచింది. మా ఆయన డయాలసిస్ ముగిసేలోపే కారు సిద్ధమైంది. ఆ మెకానిక్ చేతులు చల్లగా ఉండాలని అక్కడే అనుకున్నాను.

తర్వాత టెక్కలిలో ఒక చిన్న మీటరు కొన్నాను. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు పన్నెండున్నర పైన, నడుస్తున్నప్పుడు పద్నాలుగు పైన. రెండు అంకెలూ చూశాకే దణ్ణం పెట్టుకుంటున్నాను.

"డాక్టరమ్మా, నా ఆటో నాడి కూడా సూడు" అని పక్కింటి అతను వేళాకోళం చేసేవాడు. ఒక బుధవారం నిజంగానే చూశాను. ఇంజిన్ నడుస్తున్నా పన్నెండుకు లోపే. అంకె కదల్లేదు. ఛార్జి ఎక్కడం లేదు.

"స్టార్టయ్యింది గదా వదినా, ఎలిపోతాను."

"బేటరీలో ఛార్జి ఉన్నంతసేపే వెళ్తావు. దారిలో ఆగితే?"

అతను గేరు వేయబోయాడు. ఆటోలో కూర్చున్న తల్లి మాత్రం అప్పటికే కాలు కింద పెట్టింది.

"ఒరే, నువ్వు నెమ్మదిగా రా. పలాసలో నా మిసను నీ ఆటో కోసం కూకోదు."

ఆమెను వెనక సీట్లో మా ఆయన పక్కన కూర్చోబెట్టాను. కొడుకు ఆటో సోంపేట దాటకుండానే ఆగిపోయిందని తర్వాత ఫోన్‌లో తెలిసింది. మేం పలాస చేరేసరికి ఎనిమిదికి ఇంకా పది నిమిషాలున్నాయి. ఆమె మంచం ఆమెకే దొరికింది.