అమావాస్య నాడు కారుకు సెలవు

మావాడు ఆ బుల్లి కరెంటు కారు కొని తెచ్చిన కొత్తలో నా నోరు మూతపడిన రోజు లేదు. అంత కోపం ఎక్కడ దాచుకున్నానా అని ఇప్పుడు తలుచుకుంటే నాకే వింతగా ఉంటుంది. మూడో తరగతి సగంలో బడి మాన్పించి నన్ను రాట్నం ముందు కూర్చోబెట్టారు. అప్పటినుంచి ఒక్క పోగు పారేయడం, అక్కరలేని దీపం వెలగనివ్వడం నా చేత కాదు. అలాంటిదాని వాకిట్లో కారు గంటలకొద్దీ కరెంటు తాగుతుంటే ఊరుకుంటానా? "ఎనుముకు కుడితి పెడితే సాయంత్రానికి పాలిస్తాది. ఇదేమిస్తాదిరా?" అని అడిగాను. "మోసుకుపోతాది కదమ్మా" అన్నాడు మావాడు. "బస్సు మోస్తాండ్లేదా?" అన్నాను. (బస్సెక్కితే నాకు వాంతులవుతాయని వాడు గుర్తు చేయలేదు. పెంపకం మంచిది.)

ఎమ్మిగనూరులో మా నేత ఇళ్ళలో అమావాస్య అంటే మగ్గానికి సెలవు. ఆ రోజు నేత ముట్టం. మగ్గం గుంట ఊడ్చి, అటూ ఇటూ పోగు లాగే నాడెకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొడతాం. మనకోసం పాటుపడే పనిముట్టు నెలకొక రోజన్నా ఊపిరి తీసుకోవాలని మా అత్త చెప్పేది. అలాంటి అమావాస్య నాడు పొద్దున్నే మావాడు కారుకు వైరు తగిలించి, తాను మోటారు సైకిలెక్కి పనిమీద పోయాడు. నాకు ఒళ్ళు మండింది. మగ్గానికున్న సెలవు దీనికి లేదా? మగ్గం గదిలో ఉన్న దాని స్విచ్చి ఆపేసి, కారు ముక్కుకు ఇంత కుంకుమబొట్టు కూడా పెట్టి వచ్చాను. స్విచ్చి మళ్ళీ వేయాలన్న సంగతే మరిచిపోయాను.

విదియ నాడు ఆదోనిలో మా అన్న మనవరాలి పెండ్లి. ముహూర్తం పదకొండు గంటలకు. మా అన్న ఇంట్లో ఏ పెండ్లికూతురైనా మా మగ్గం మీద నేసిన చీర కట్టుకునే పీటల మీద కూర్చోవాలి. ఆ చీర సంచీ నా ఒళ్ళో ఉంది. కారెక్కి చార్జి అంకె చూడగానే మావాడి ముఖం మాడిపోయింది. "రెండు దినాల నుంచి పెట్టినా చార్జి ఎక్కలేదే! ఆ వైరింగు చేసినోడు ఏం చేసి సచ్చినాడో!" నా గుండె జారింది గానీ నోరు జారలేదు. "ఈ బొమ్మ కారు వద్దని నేను ముందే సెప్పినా" అన్నాను పైగా. కోడలు నా వైపు ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగింది. (ఏమన్నా అని ఉంటే తిరిగి తిట్టేదాన్ని. అనకపోవడమే నాకు మరింత కోపం.) "ఏసీ ఆపితే ఆదోని దాకా లాగుతాదిలే" అన్నాడు మావాడు. ఆ ఉక్కలో కారునూ, ఎండనూ, రోడ్డునూ వరసగా తిట్టుకుంటూ కూర్చున్నాను.

సగం దారి దాటాక కారు కుయ్యో కుయ్యో అని మొత్తుకోవడం మొదలుపెట్టింది. పెట్రోలు బంకు కనిపిస్తే ఆపించాను. "గాలి కొడతారు, నీళ్ళిస్తారు, ఇంత కరెంటు ఇయ్యలేరా?" అని నిలదీశాను. బంకు మనిషి నవ్వు ఆపుకుని, "ఈడ ల్యాదవ్వా. ముందర ఊర్లో పిండిమర ఉండాది, ఆడ అడగండి" అన్నాడు.

పిండిమర ముందు జొన్నల డబ్బాలు బారుగా ఉన్నాయి, వాటి పక్కన ఆడవాళ్ళు. మర నడిపే బీబీ చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే గానీ మాట వినపడదు. "కారుకిస్తే మర ఆపాల్ల. రెండూ ఒకే తూరి నడిస్తే ఫీజు ఎగిరిపోతాది. వరసలో ఇంతమంది ఉండారు కదత్తా" అంది.

"కారు నీ కంటికి జొన్నల డబ్బా మాదిరి కనపడతాందా?" అన్నాను.

ముందు నిలబడిన ఆమె కొంగు బిగించింది. "కారైతే ఏమి? దాన్నీ డబ్బా ఎనకాల నిలబెట్టు. ఇంట్లో రొట్టెలకు పిడికెడు పిండి లేక వచ్చినాం మేము."

"మర్యాద తెలీని ఊరు!" అన్నాను. (సాయమడగడానికి పోయి ఊరినే తిట్టినదాన్ని నేనొక్కదాన్నే ఉంటాను.)

ఈలోగా మావాడు వైరింగు చేసినతనికి ఫోను చేశాడు. అతను మా పక్కింటివాడే. మగ్గం సాగక అమ్ముకుని, ఈ పని నేర్చుకుని పిల్లల్ని సాకుతున్నాడు. "నిన్ను ఇంక ఎవుడూ పనికి పిలవకుండా వీధంతా సెప్తాను సూడు!" అని మావాడు కేకలు. స్పీకరు పెట్టిన ఫోనులో ఆ మనిషి బతిమాలడం మరమోతలో కూడా వినిపిస్తోంది, "అన్నా, పరీక్ష చేసే ఇచ్చినా కదన్నా..."

"ఆపురా! వానిదేం తప్పు లేదు! స్విచ్చి ఆపింది నేను! అమావాస్యని కారుకు సెలవిచ్చినా!" అని మరమోతను మించి అరిచాను. సరిగ్గా అప్పుడే బీబీ డబ్బా మార్చడానికి మర ఆపింది. వీధి వీధంతా విన్నది.

మొదట నవ్వింది మా కోడలు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. "మా మరకు సెలవు యా పొద్దు ఇస్తావత్తా?" అంది బీబీ కండ్లు తుడుచుకుంటూ. "ఆ సంచీలో ఏముంది, అట్ల కరుచుకోని ఉండావు?"

"పెండ్లికూతురి చీర. పదకొండుకు ముహూర్తం."

నాతో కొట్లాడిన ఆమె తన డబ్బాను కాలితో పక్కకు నెట్టింది. "ఆ మాట ముందే సెప్పకూడదా తల్లీ! నోరుండేది తిట్టేదానికేనా?"

అరగంట మర ఆపి కారుకు కరెంటిచ్చారు. ఫోను నేనే తీసుకుని, "తప్పు నాదే నాయనా" అన్నాను. ఆ మాట ఎవరితోనైనా అనడం అదే మొదలనుకుంటాను. అవతల అతను, "పెండ్లికి టయానికి చేరుకో పెద్దమ్మా" అన్నాడు.

చేరుకున్నాం, పది నిమిషాలు ఉందనగా. పెండ్లికూతురు గది తలుపు వేసుకుని పాత చీరలోనే కూర్చుని ఉంది. "వేరే చీర కట్టుకోమని అందరూ అరుస్తాండారవ్వా, నేను కట్టలేదు. ఏందవ్వా ఇది, నీ మొగం నిండా పిండి!" అంది.

ఆ పెండ్లి ఫోటో ఇప్పుడు మా గోడకుంది. పిల్ల చీర మీద ఒక్క మరక లేదు. పక్కన కనుబొమల దాకా తెల్లగా పిండి పట్టి, ఇంకా ఎవరినో తిట్టబోతున్నట్టు నోరు బిగించి ఒక ఆడమనిషి. ఆమెను చూసినప్పుడల్లా, "పెండ్లి జరిగిందిలేమ్మా, ఇంక కాస్త నవ్వు" అనాలనిపిస్తుంది. అన్నా వినే రకం కాదు ఆమె. నాకు బాగా తెలుసు.