నాగులు ఊరెళ్లినప్పుడు మూసిన బావి

"పిల్ల అందులో పడితే?"

రష్మిల ఈ మాట మొదటిసారి భర్తతో అంది. అదీ గుసగుసగా. పాటన్‌లోని ఆ ఇంటికి కాపురానికొచ్చిన కొత్తలో చుట్టూ ఇళ్లున్న ఉమ్మడి వాకిలి మధ్యనున్న బావి ఆమెకు బావిలాగే కనిపించేది. కూతురు పలిస్తా పరుగు నేర్చాక అది నోరు తెరుచుకుని కూర్చున్నట్టు కనిపించసాగింది. మోకాలెత్తు గట్టు, పైన మూత లేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే రష్మిల గరిటెతోనే కిటికీ దగ్గరికి పరుగెత్తేది.

"మేమంతా ఇక్కడే పుట్టి పెరిగాం. ఎవరూ పడలేదు," అన్నాడు భర్త.

"పడినవాళ్లు వచ్చి చెప్పరుగా."

ఆమె చదివింది సూక్ష్మజీవుల శాస్త్రం. పనిచేసేది నీళ్లు పరీక్షించే లాబ్‌లో. ఒకరోజు బావినీళ్లు సీసాలో పట్టుకెళ్లింది. క్రిములున్నాయని తేలింది. ఆ ఊళ్లో ఏ బావిలో లేవు గనక! పైగా ఆ నీళ్లు ఎవరూ తాగరు. బట్టలుతుక్కుంటారు, కాళ్లు కడుక్కుంటారు. కాస్త బ్లీచింగ్ పౌడర్ వేస్తే సరిపోతుంది. ఈ సంగతులేవీ ఆమె చెప్పలేదు. వాకిట్లో వాళ్లంతా కూడినప్పుడు "ఈ నీళ్లలో క్రిములున్నాయి, పిల్లలకు ప్రమాదం," అని మాత్రం అంది.

వాకిటికి పెద్దదిక్కయిన ఆశాకాజి వెంటనే తలూపాడు. "చదువుకున్న కోడలు చెప్పాక ఇంకేముంది? మూసేద్దాం. బళ్లు పెట్టుకోడానికి చోటైనా కలిసొస్తుంది."

చిరిమాయను ఎవరూ అడగలేదు.

చిరిమాయ ఆ వాకిట్లో అందరికీ అజి, అంటే అవ్వ. ఖోకనా నుంచి పెళ్లికూతురిగా వచ్చి మొదట చేసిన పని ఈ బావిలో చేద వెయ్యడమే. ఆమె నాట్లు వేసిన పొలంలో ఇప్పుడు అద్దాల దుకాణాలు లేచాయి. ఆమె మొగుడు సాయంత్రాలు డప్పు వాయించిన మండపంలో ఫోన్లు బాగుచేస్తున్నారు. వీధి చివర రాతి మొసలి నోట్లోంచి ధారగా పడే నీళ్లు, పక్కన హోటలుకు పునాది తవ్వినప్పటినుంచి పడటం లేదు. భూకంపం వచ్చిన ఏడు కుళాయిలు ఎండిపోతే ఈ బావి నీళ్లతోనే ఆమె వాకిలి మొత్తానికి ఒకే గిన్నెలో గంజి కాచి పోసింది. తినేవాళ్లు ఏడుస్తుంటే "ఉప్పు సరిపోయిందిగా, మళ్లీ కన్నీళ్లెందుకు?" అని కసిరింది. చిన్న మనిషి, పెద్ద గొంతు.

సిథి నఖ వచ్చింది. వానలకు ముందు, నీళ్లు బాగా అడుక్కి పోయినప్పుడు వచ్చే పండగ. ఆ రోజు బావిలో ఉండే నాగులు తమ కులదేవతను కొలవడానికి ఊరెళతారు. వాళ్లు ఇంట్లో లేరు కనక మనుషులు దిగి పూడిక తీస్తారు. ఎన్నేళ్లుగా సన్నబడుతూ వచ్చినా ఆ వాకిట్లో ఆ పని ఆగలేదు. ఈసారీ ఇద్దరు దిగి చివరిసారిగా బాగుచేసి పైకొచ్చారు. చిరిమాయ మేడ మీద వాళ్లకోసం మినప్పిండితో 'వో' అట్లు కాలుస్తోంది.

పళ్లెం పట్టుకుని ఆమె కిందికి దిగేసరికి సిమెంటు పలకలు బావి మీదికి ఎక్కేశాయి. పలకలు తయారుగా ఉన్నాయి, మనుషులూ ఉన్నారు, ఇంకో రోజెందుకని ఆశాకాజి చెప్పాడు. రష్మిల సరేనంది.

"ఇవాళా మూసింది?" అంది చిరిమాయ.

"ఇవాళైతే అందరం ఉన్నాం కదా అజీ," అన్నాడు ఆశాకాజి.

"అందరం ఎక్కడరా! అసలు ఇంటివాళ్లే లేరు కదా. ఊరెళ్లినవాళ్ల కొంపకు తాళం వేసే బుద్ధి ఎలా పుట్టింది మీకు?"

ఆశాకాజి, "వచ్చాక ఫోన్ చేస్తార్లే అజీ, తలుపు తీద్దాం," అన్నాడు. అందరూ నవ్వారు. రష్మిల కూడా నవ్వింది.

"అమ్మా, మరి వాళ్లు ఎక్కడ పడుకుంటారు?" అని అడిగింది పలిస్తా.

చిరిమాయ వో పళ్లెం అక్కడే పెట్టి లోపలికెళ్లింది. వెడల్పు మూతి మట్టికుండ తెచ్చి, నీళ్లు నింపి, పలకల పక్కన పెట్టింది. "ఇవాళ్టికి ఇందులో సర్దుకుంటారులే తల్లీ."

మర్నాడు కుండలో నీళ్లు మార్చింది. ఆ మర్నాడూ మార్చింది. వాన మొదలైనా మానలేదు.

నాగులున్నాయని రష్మిల నమ్మదు. అయినా ఆ కుండ పక్కనుంచి నడవలేకపోయింది. వెనక సందులోంచి ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టింది. లాబ్‌లో సీసా మీద చీటీ అంటిస్తుంటే తను దాచిన మాటే గుర్తొచ్చేది. భయంగా ఉందని చెప్పుంటే వాళ్లు కాదనేవాళ్లేమో, వేరే దారి చూపేవాళ్లేమో. తను భయాన్ని శాస్త్రంలా చూపించింది. చదువుకున్నదని నమ్మినవాళ్లను ఆ చదువుతోనే నోరు మూయించింది. ఒకసారి మనసాగక తను చిరిమాయకు జామకాయలు పంపితే ఆమె కిటికీలోంచి అరిచింది: "ఏంటే విశేషం? మళ్లీ కడుపా?" వాకిలంతా నవ్వింది. రష్మిలకు ఆ నవ్వు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

ఒక మధ్యాహ్నం పలకల మీద పెట్టిన బండి జారి కుండ మీద పడింది. రష్మిల కిటికీలోంచి చూసేసరికి చిరిమాయ వానలో ఒంగి పెంకులేరుతోంది. తనూ గొడుగు కూడా తీసుకోకుండా కిందికి దిగింది.

"అజీ, బావి మూయించింది క్రిములవల్ల కాదు. పిల్ల పడిపోతుందని భయం. మందు వేస్తే పోయే క్రిములే అవి. నాకు తెలిసే చెప్పలేదు."

"తెలుసులేవే."

"తెలుసా?"

"క్రిములని చెబుతూ నువ్వు బావివంక చూడలేదు. చంకలో పిల్లవంక చూశావు."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు అజీ?"

చిరిమాయ పెంకులు కొంగులో వేసుకుని పలకల మీద కూలబడింది. "ఏ మొహంతో అడగను? నేనూ ఒకటి మూసినదాన్నే. మావాడు చిన్నప్పుడు ఒక ఏడు జాతరలో మచ్ఛీంద్రనాథుడి రథం ఒరిగింది, నా కళ్లముందే. ఎవరికీ ఏం కాలేదు. అయినా ఆ తర్వాత వాణ్ణి రథం లాగే తాడు ముట్టుకోనివ్వలేదు. రథం వచ్చినప్పుడల్లా గదిలో పెట్టి గడియ వేసేదాన్ని. తలుపు బాదీ బాదీ ఊరుకునేవాడు. మొన్న రథం మన వీధిలోనే పోతుంటే పైన కూర్చుని టీవీలో చూశాడు. కిటికీ తియ్యరా అంటే చప్పుడు ఎక్కువగా ఉంది, మూసెయ్యమన్నాడు. వాళ్ల నాన్న డప్పుకు ఊరు ఊగేది. పండగలు పోతున్నాయని అందరినీ తిడతాను. మా ఇంట్లోంచి పోగొట్టింది మాత్రం నేనే."

రష్మిల ఒంగి మిగిలిన పెంకులు ఏరింది. వాన పలకల మీద టపటపా కొడుతోంది.

ఆ శనివారం ఆమె అందరినీ పిలిచి, దాచినది దాచకుండా చెప్పింది. ఆశాకాజి చెవి గోక్కున్నాడు. "చదువుకున్న కోడలు చెబితే మూశాం. ఇప్పుడు చదువుకున్న కోడలే తియ్యమంటోంది. ఇంకోసారి మా ఇల్లు పడగొట్టమంటావేమో, ముందే చెప్పమ్మా, సామాను సర్దుకుంటాం." ఎవరో నవ్వారు, ఎవరో గొణిగారు. మాట పడాల్సిందేనని ఆమె తల వంచుకుని నిలబడింది. చివరికి గట్టు నడుమెత్తు లేపి పలకలు తీసేద్దామన్నారు.

పలకలు తీసిన రోజు చిరిమాయ పలిస్తాను కేకేసింది. రష్మిల పరుగున వచ్చింది. పిల్లను ఎత్తుకోబోతే ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది. గట్టుపక్కన రాయి వేసి, పిల్లను దానిమీద నిలబెట్టి, నడుం పట్టుకుని లోపలికి చూడమంది. పలిస్తా చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తనే రాయి దిగి, రెండడుగులు వెనక్కి జరిగి, "చాలా లోతు," అంది.

మరుసటి ఏడు ఆడవాళ్లే రథం లాగే రోజున రష్మిల పిల్లను తీసుకుని జనంలోకి వెళ్లింది. అరచేతులు చెమటపట్టాయి. ఇప్పటికీ పడతాయి. మెట్లయినా, వీధి కుక్కయినా, జాతరయినా, వెనక్కి లాగాలనిపించిన ప్రతిసారీ ఆమె ఆ రోజు బావి దగ్గర చిరిమాయ అన్న మాటనే పాటిస్తుంది:

"నీకు భయమేసిన చోటుని మూసెయ్యకే. పిల్ల చెయ్యి పట్టుకుని అంచుదాకా నడిపించు. లోతెంతో దాన్నే చూడనీ. ఎంత దూరంలో నిలబడాలో అదే తెలుసుకుంటుంది."