రేడియోలో దాగిన రెండు కెపాసిటర్లు

ఎనిమిదేళ్లు మా వంటింట్లో దొంగసొత్తు పాటలు పాడింది. అది వింటూనే నేను రొట్టెలు చేశాను. తలుచుకుంటే నవ్వొస్తుంది, వెంటనే గుండె బరువెక్కుతుంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీరు మమ్మల్ని ఎరగరు, అందుకే మీకు చెప్తున్నాను.

మాది నల్లగొండ దగ్గర గొర్లు కాసుకునే ఇల్లు. మా బాపు, అంటే మా నాన్న, మల్లన్న దేవుడి కథ చెప్తాడు. కాళ్లకు గజ్జెలు కట్టి, తిరుగుతూ, ఎగురుతూ పాడతాడు. మా ఆయన పొద్దున మంద తోలుకుపోతాడు, ఇంటికొస్తే సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటాడు. ఆ పిచ్చి అంటించింది నేనే. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసింది నేను, ఆయన పదో తరగతి. ఎన్నిసార్లు ఆ డిప్లొమాను ఆయన ముందు ఊపి ఉంటానో!

ఎనిమిదేళ్ల కిందట బాపు గొంతు కోసం మా ఆయన ఒక మైకు డబ్బా చేశాడు. అందులో గొంతును పెద్దది చేసే చిప్పు, ఒక ఆప్-ఆంప్ ఐసీ. దానికి పైన ప్లస్, కింద మైనస్, నడుమ గ్రౌండ్ కావాలి. రెండు బ్యాటరీలను వరసగా కలిపి, అవి కలిసిన చోటునే గ్రౌండ్ చేశాడు. గ్రౌండ్ తీగలన్నీ ఒక్క బోల్టుకే బిగించాడు, "గొర్లన్ని ఒక్క దొడ్డికే రావాలె" అని పాడుకుంటూ. ఐసీ కాళ్లను ఆనుకుని ప్లస్ నుంచి గ్రౌండ్‌కు ఒకటి, మైనస్ నుంచి గ్రౌండ్‌కు ఒకటి, కందిగింజంత కెపాసిటర్లు పెట్టాడు. ఎంత ముద్దొచ్చిందో ఆ పని!

ఆ రెంటినీ నేను పీకేశాను.

ఎందుకు? అప్పట్లో నా రేడియోకు చిన్న యాంప్లిఫయర్ చేసుకుంటున్నాను. ఇంటి కరెంటు మీద నడిచేది, గరగరమంటోంది. నాకు సరిగ్గా అలాంటివే రెండు కావలసి వచ్చాయి. టౌనుకు పోయి తెచ్చుకోవచ్చు కదా? బద్ధకం. దానికి తోడు నా తెలివి. బ్యాటరీ కరెంటు శుభ్రంగా ఉంటుంది, ఆయన డబ్బాకు ఇవెందుకు అనుకున్నాను. పీకి, సోల్డర్ మచ్చ కూడా మిగలకుండా తుడిచి, బల్ల మీద పెట్టి పాడి చూశాను. బ్యాటరీలకు జానెడు తీగలే, గొంతు తేటగా వచ్చింది. మూత బిగించేశాను. చెప్పాలనిపించలేదా? అనిపించింది. తర్వాత చెప్దాంలే అనుకున్నాను.

ఆ ఆదివారం పానగల్ ఊరి పక్కన బాపు కథ. బాపు ఎగురుతుంటే కాలికి తగలొద్దని మా ఆయన బ్యాటరీలను డోళ్ల వెనక పెట్టి, అక్కణ్నుంచి డబ్బా దాకా రెండు బారల తీగ లాగాడు. అంత దూరం నుంచి వచ్చే కరెంటు ఐసీకి కావలసిన క్షణానికి అందదు. బోరు దూరంగా ఉన్న ఇంటికి గడప దగ్గర బిందె ఉండాలి కదా, ఆ కెపాసిటర్లు ఆ బిందెలు. వాటిని నేను ఎత్తుకొచ్చాను. బాపు రాగం పైకి ఎత్తగానే డబ్బా గర్ర్ర్‌మంది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ గర్ర్ర్. జనం పడీపడీ నవ్వారు. ఆపుకోలేక నేనూ నవ్వాను.

బాపు నవ్వలేదు. "అల్లుడా, తప్పిపోయిన మేక లెక్క ఒర్లుతాంది నీ డబ్బ. ఇగ నీ మైకు ముందట నేను పాడ," అన్నాడు.

ఇంటికొచ్చి మా ఆయన మూత విప్పాడు. ఐసీ కాళ్ల దగ్గర వేలు పెట్టాడు.

"ఈడ రెండు పెట్టిన గద?"

"ఏడ పెట్టినవ్? మర్సిపోయినవ్," అన్నాను.

"నూరు గొర్లల్ల ఒక్కటి తక్కువైనా నాకు ఎరుకైతది. గీ రెండు ఎట్ల మర్సిన?"

"అంటే నేను అబద్ధమాడుతున్ననా?"

"అయ్యో, గట్ల కాదే. నువ్వు సదువుకున్నదానివి. నువ్వన్నంక గంతే."

నువ్వన్నంక గంతే. ఆ మాట కంటే రెండు దెబ్బలు కొట్టినా బాగుండేది. నన్ను అంతగా నమ్మే మనిషిని ఆయన కళ్లనే ఆయన నమ్మకుండా చేశానే, నేనేం మనిషిని? బాపు కోపానికి భయపడ్డానా? కాదు. డిప్లొమా చేసినదాన్ని, ఇంత చిన్న విషయం తెలియలేదని ఆయన ముందు ఒప్పుకోలేకపోయాను.

ఆయన మాత్రం నోటుబుక్కులో రాసుకున్నాడు: "తప్పు నాదే. రెండు పెట్టుడు మర్సిన." ఆనాటి నుంచి ఏ డబ్బా చేసినా, దొడ్లో గొర్లను లెక్కపెట్టినట్టు కెపాసిటర్లను వేలు పెట్టి గట్టిగా లెక్కపెడతాడు. పైగా సాక్ష్యానికి నన్నే పిలుస్తాడు. "సూడే, రెండున్నయా?" "ఉన్నయ్," అంటాను, దొంగను నేనే. మా రేడియో విని "ఎంత సాఫుగ పాడుతాంది, నీ చెయ్యి చెయ్యే," అని మురిసిపోతాడు. ఒక్కనాడూ దాని మూత విప్పలేదు. బాపు కిరాయి మైకు ముందే పాడుతూ వచ్చాడు, ఇంటిల్లిపాదీ మా ఆయనను మతిమరుపు అల్లుడన్నారు. ఆ మాటకు ఆయన కూడా నవ్వేవాడు.

నిన్న బాపు వచ్చాడు. చాయ్ తాగి, మెల్లగా, "నా గొంతు సన్నబడ్డది అల్లుడా. ఐతారం కథకు నీ డబ్బ తీస్కరా," అన్నాడు. మా ఆయన సంతోషం చూడాలి! వాకిట్లో గజ్జెలు లేకుండానే ఎగిరాడు. ఎగిరి ఎగిరి బాపు చేతులు పట్టుకుని, "ఈసారి మర్వ మామా, నీ మీదొట్టు," అన్నాడు.

ఆ ఒట్టు నన్ను నిలవనివ్వలేదు. మరవని మనిషి ఎందుకు ఒట్టు పెట్టాలి?

పొద్దున లేవగానే రేడియో మూత విప్పి ఆ రెంటినీ పీకాను. నోటుబుక్కులో ఆయన రాసుకున్న పేజీ తీసి, ఆ వాక్యం కొట్టేసి, కింద రాశాను: "నువ్వు మర్వలేదు. తీసింది నేను." దాని మీద రెండు కెపాసిటర్లూ పెట్టాను. ఎన్నేళ్లకో నిండా ఊపిరి పీల్చుకున్నాను.

ఏమంటాడో తెలియదు. ఇప్పుడు దొడ్లో ఉన్నాడు, లెక్క ఇక్కడికి వినిపిస్తోంది. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది. వంటింట్లో రేడియో గరగరమంటోంది. నేను ఆపలేదు.