చెప్పులు విడిచి చెప్పిన లెక్క

గడ్డపోతారంలో మా మందుల కంపెనీకి ఆయన చీఫ్ అకౌంటెంట్, ఆయన కిందే నా ఉద్యోగం. కంపెనీకి భూములిచ్చిన రైతులకు పరిహారంలో కొంత షేర్లుగా దక్కింది. ఏటా వాటాదారుల సభలో ఆయన టేబుల్ కింద చెప్పులు విడిచి, నిలబడి, లెక్కలన్నీ తెలుగులో చదివేవారు. డైరెక్టర్లు విసుక్కునేవారు.

"రిపోర్టు అందరికీ పంపినం గద సార్, మళ్ల చదువుడెందుకు?" అని ఒకసారి అడిగాను.

"వెనకట గుమాస్తా చెప్పులిడిసి దొర ముందట నిలబడి లెక్క అప్పజెప్పేటోడు. తర్వాత కంపెనీలొచ్చినయి, చట్టమొచ్చింది, నోటిమాట కాగితమైంది. సొత్తు మాత్రం ఇప్పటికీ మనది కాదు. ఇప్పుడు దొరలెవరనుకున్నవ్? గా ముందు వరుసల రుమాళ్లు కట్టుకొని కూసున్నోళ్లు," అన్నారు.

నిరుడు ఆయన పోయారు. ఆ కుర్చీ నాకిచ్చారు. ఈ ఏటి లెక్కల్లో, రైతులిచ్చిన భూమిలో కొంత కంపెనీ అమ్మిన సంగతి ఉంది. సభలో చైర్మన్, "లెక్కలు చదివినట్టే భావిద్దాం," అన్నాడు.

ముందు వరుసలోని అవ్వ తల ఎత్తింది. "ఎవలు సదివిన్రు బిడ్డా? మాకైతే ఇనరాలే."

చైర్మన్ నన్ను కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు. నేను టేబుల్ కింద చెప్పులు విడిచి లేచాను.